డార్మ్‌స్టాట్‌లో మా మేనత్త తోకచుక్క

2024 వేసవిలో మా వారూ నేనూ జర్మనీలో ఉన్న మా అమ్మాయి దగ్గర రెండు నెలలు ఉండి వచ్చాము. హోసూరులో మమ్మల్ని సాగనంపేందుకు వచ్చిన వాళ్ళంతా, "రైన్ నది చూడండి, కోటలు చూడండి, నల్లని అడవులు చూడండి" అని చెప్పి పంపారు. అవన్నీ చూశాము. ఫొటోలు కూడా తీసుకున్నాము. కానీ తిరిగి వచ్చాక, అక్కడ ఏం చూశారని ఎవరైనా అడిగితే, నా నోటికి మొదట వచ్చేది ఒక ఆఫీసు మాట. దానికి గోపురం లేదు, తోట లేదు. రైల్వే స్టేషన్ వెనకాల నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న మామూలు కట్టడాలే. అక్కడ నాకు డెబ్బై ఏళ్ళకు పైబడిన మా ఇంటి కథ ఒకటి ఎదురైంది. అది మన పత్రిక చదివే కుటుంబాలతో పంచుకోవాలని ఇది రాస్తున్నాను.

ఆ ఊరి పేరు డార్మ్‌స్టాట్. ఫ్రాంక్‌ఫర్ట్‌కు దక్షిణంగా ముప్పై కిలోమీటర్లు ఉంటుంది. మన హోసూరు నుంచి బెంగళూరుకు ఉన్నంత దూరం కూడా లేదు. మా అల్లుడు రోజూ రైల్లో వెళ్ళి వస్తాడు. ఊరి మధ్య లూయిసెన్‌ప్లాట్స్ అనే పెద్ద కూడలి ఉంది. ట్రాములన్నీ అక్కడే కలుస్తాయి. నడుమ ఒక ఎత్తైన స్తంభం మీద వాళ్ళ పాతకాలపు ప్రభువు నిలబడి ఉంటాడు. తూర్పున మటిల్డెన్‌హోయె అనే మిట్ట మీద, చేతి అయిదు వేళ్ళు పైకెత్తినట్టుండే బురుజు ఒకటి ఉంది. దాన్ని పెళ్ళి బురుజు అంటారు. ఆ మిట్టను 2021లో యునెస్కో వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు. ఊరివాళ్ళు తమది "విజ్ఞాన నగరం" అని చెప్పుకుంటారు. అది వట్టి గొప్ప కాదు. ఇక్కడి ప్రయోగశాలలో 1994లో పుట్టించిన 110వ మూలకానికి ఈ ఊరి పేరే పెట్టి డార్మ్‌స్టాటియం అన్నారు.

ఐరోపా దేశాలు కలిసి పెట్టుకున్న అంతరిక్ష సంస్థకు అదుపు కేంద్రం 1967 నుంచి ఈ ఊళ్ళోనే ఉంది. రాకెట్లు ఎగిరేది ఇక్కడి నుంచి కాదు. దక్షిణ అమెరికాలోని కూరూ నుంచి ఎగురుతాయి. పైకి వెళ్ళాక వాటితో మాట్లాడేది, దారి చూపేది, జబ్బు చేస్తే మందు వేసేది ఇక్కడి వాళ్ళు. మా అమ్మాయి ముందుగానే పేర్లు రాయించింది. తొమ్మిదేళ్ళ మనవరాలు రాత్రంతా నిద్రపోలేదు. నేను మాత్రం, ఎండలో కాళ్ళు నొప్పులు పుట్టకుండా ఉంటే చాలనుకుంటూ వెళ్ళాను.

మాకు అన్నీ చూపించినావిడ ఇంగ్లీషులో నిదానంగా చెప్పింది. అద్దాల వెనక ప్రధాన అదుపు గది ఉంది. వరసగా బల్లలు, తెరలు. సినిమాల్లో చూపించేంత ఆర్భాటం ఏమీ లేదు. మన బ్యాంకు ఆఫీసులా ఉంది. ఆ గదిలో జరిగిన పెద్ద రాత్రుల గురించి చెబుతూ ఆవిడ, "మొదటి పెద్ద రాత్రి 1986 మార్చి 13. జొట్టో అనే నౌక హేలీ తోకచుక్క పక్క నుంచి దూసుకుపోయిన రాత్రి. అర్ధరాత్రి దాటి ఒంటిగంట అవుతుండగా అది అన్నిటికంటే దగ్గరికి వెళ్ళింది" అన్నది.

ఒంటిగంట. అప్పుడు అక్కడికీ మనకూ నాలుగున్నర గంటల తేడా. అంటే మనకు 14వ తేదీ తెల్లవారుజామున ఐదున్నర. శుక్రవారం. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ అక్కడే నిలబడిపోయాను. "ఏమైంది అమ్మమ్మా?" అని మనవరాలు చెయ్యి లాగింది. ఆ శుక్రవారం తెల్లవారుజామున నేనెక్కడున్నానో నాకు బాగా గుర్తుంది. హోసూరులో మా మిద్దె మీద, మా మేనత్త పక్కన ఉన్నాను.

మా మేనత్త 1910 మే నెలలో పుట్టింది. ఆ నెలలోనే హేలీ తోకచుక్క ఆకాశమంతా పరుచుకుంది. ఆ నెల 18, 19 తేదీల్లో భూమి దాని తోకలోంచి నడిచిపోతుందని శాస్త్రజ్ఞులు ముందే లెక్క కట్టి చెప్పారు. ఆ తోకలో విషవాయువు ఉందని పత్రికల్లో పడేసరికి లోకమంతా హడలిపోయింది. అమెరికాలో తోకచుక్క విషానికి విరుగుడని మాత్రలు అమ్ముకున్నవాళ్ళున్నారు. తలుపుల సందుల్లో గుడ్డలు కుక్కుకున్నవాళ్ళున్నారు. చదువుకున్న దేశాల్లోనే అలా ఉంటే మన పల్లెల సంగతి చెప్పాలా? తోకచుక్క పొడిస్తే రాజుకు చేటని మనవాళ్ళు ఎప్పటినుంచో అనుకునేదే. సరిగ్గా మే 6న ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి లండన్‌లో చనిపోయాడు. ఇంకేం కావాలి? అదే ఏడు గురజాడ అప్పారావుగారు తమ "ముత్యాల సరములు"లో ఆ తోకచుక్కను అరిష్టమనుకోకుండా మంచి మార్పుకు గుర్తుగా చూశారు. కానీ విజయనగరంలోని ఆ మాట హోసూరు తాలూకాలోని మా పల్లెకు చేరలేదు.

అత్త పుట్టిన పదకొండో రోజున మా ముత్తాత పోయాడట. ఆయనకు అప్పటికే డెబ్బై దాటింది, ఏడాదిగా మంచంలో ఉన్నాడు. అయినా నింద పసిగుడ్డు మీద పడింది. పేరు పెట్టడానికి ముందే "తోకచుక్క" అన్నారు. వచ్చిన సంబంధాలు రెండు ఆ మాట విని వెనక్కి పోయాయి. చివరకు వయసు మళ్ళిన ఒకాయనకు రెండో పెళ్ళికిచ్చారు. ఇరవై నాలుగేళ్ళకు ఆయన పోయాడు. "ముందే చెప్పలేదా?" అన్నారు అందరూ. పిల్లలు లేరు. పుట్టింటికి తిరిగి వచ్చి, తనకంటే పన్నెండేళ్ళు చిన్నవాడైన మా నాన్నను, తర్వాత మమ్మల్నీ పెంచింది. మాకు జ్వరం వస్తే రాత్రంతా మేలుకునేది ఆమె. ఇంట్లో పేరంటమంటే వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది కూడా ఆమే.

ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. 1979లో నా పెళ్ళప్పుడు, నన్ను పెళ్ళికూతుర్ని చేసే రోజున ఆమె ఎవరూ చెప్పకుండానే పెరట్లోకి వెళ్ళి కూర్చుంది. నేను చూశాను. అప్పటికి నేను డిగ్రీ చదివాను, టీచరు ట్రైనింగు కూడా అయింది. లేచి వెళ్ళి పిలుచుకుని రావచ్చు. రాలేదు. నా పెళ్ళి రోజున ఏదన్నా జరిగితే అన్న పిసరంత భయం నాలోనూ ఉంది.

1986 వచ్చేసరికి పేపర్లన్నీ మళ్ళీ హేలీ గురించే రాశాయి. మా నాన్న పేపరు అక్షరం వదలకుండా చదివే మనిషి. ఎవరి దగ్గరో బైనాక్యులర్ అడిగి తెచ్చాడు. పుట్టింటికి వచ్చి ఉన్న నన్ను, "మీ అత్తను మిద్దె ఎక్కించాల, నువ్వు పట్టుకో" అన్నాడు. ఆమె మొదట ఒప్పుకోలేదు. "ఇన్నేండ్లకు మళ్లా దాని మొగం నేనెందుకు చూడాల?" అన్నది. గురువారం రాత్రి ఏమనుకుందో ఏమో, శుక్రవారం నాలుగు గంటలకే తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది.

హోసూరులో అప్పట్లో ఇన్ని దీపాలు లేవు. చందమామ కూడా లేడు. ఆగ్నేయ దిక్కున నాన్న వేలు పెట్టి చూపించాడు. కంటికి మసక మరకలా కనిపించింది. బైనాక్యులర్‌లో చూస్తే చిన్న తోక తెలిసింది. అంతకుమించి ఏమీ లేదు. 1986లో హేలీని చూసిన పెద్దవాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది, ఎంత ఆశపడ్డామో, ఎంత తక్కువ కనిపించిందో.

అత్త చాలాసేపు చూసింది. తర్వాత, "ఇంతేనా మే? చీపురు పుల్లంత ఉండాదే. ఎంత దూరంలో ఉండాది?" అని అడిగింది.

"పద్నాలుగు కోట్ల కిలోమీటర్లక్కా" అన్నాడు నాన్న.

"అంత దూరంలో ఉండేదానికి నా పేరెట్లా తెలిసె?" అన్నది అత్త.

నాన్న తల పక్కకు తిప్పుకున్నాడు. నేను నోరు మెదపలేదు. తూరుపు తెల్లబడేదాకా ముగ్గురమూ అక్కడే కూర్చున్నాము. అదే సమయానికి ఒక యంత్రం ఆ చుక్క దగ్గరికి దూసుకుపోతోందని, దాని కోసం ఇంకో ఊళ్ళో వందల మంది గుండెలు చేతబట్టుకుని కూర్చున్నారని మాలో ఎవరికీ తెలియదు. అది నాకు తెలిసింది ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత, ఆ అద్దాల గది ముందు.

జొట్టో సంగతి అక్కడ విన్నదీ, తర్వాత చదివిందీ కలిపి చెబుతాను. పద్నాలుగో శతాబ్దపు ఇటలీ చిత్రకారుడి పేరు దానికి పెట్టారు. ఆయన 1301లో వచ్చిన హేలీని చూసి ఉంటాడని, అందుకే పాడువాలోని ఒక గుడి గోడ మీద ఏసు జన్మఘట్టంలో నక్షత్రానికి బదులు తోకచుక్కను గీశాడని అంటారు. 1985 జూలైలో పైకి పంపారు. ఆ మార్చిలో హేలీని చూడటానికి ఒక నౌక కాదు, అయిదు వెళ్ళాయి. రష్యావాళ్ళవి రెండు, జపానువాళ్ళవి రెండు, ఇదొకటి. రష్యా నౌకలు వేగా-1, వేగా-2 ముందుగా వెళ్ళి, తోకచుక్క గుండెకాయ ఎక్కడుందో చూసి చెప్పాయి. ఆ లెక్క పట్టుకుని జొట్టోను ఇంకా దగ్గరికి పంపారు. అమెరికా, రష్యా ఒకరి మీద ఒకరు బాంబులు గురిపెట్టుకుని కూర్చున్న రోజులవి. ఒక చుక్క కోసం మాత్రం అందరూ లెక్కలు పంచుకున్నారు.

ఆ రెండూ ఎదురెదురుగా సెకనుకు 68 కిలోమీటర్ల వేగంతో వచ్చాయి. హోసూరు నుంచి బెంగళూరు ఒక్క సెకను కంటే తక్కువ! ఆ వేగంలో ధూళి రేణువు తగిలినా తూటాయే. దగ్గరికి చేరడానికి కొన్ని సెకన్ల ముందు ఒక చిన్న రేణువు తగిలి నౌక ఊగిపోయింది. గదిలో తెరలు ఖాళీ అయ్యాయి. అయిపోయిందనుకున్నారు. అరగంటకు మళ్ళీ నిలదొక్కుకుని మాట్లాడింది. కెమెరా మాత్రం ఇక పనిచేయలేదు. కానీ అప్పటికే అది 596 కిలోమీటర్ల దగ్గరికి వెళ్ళి చూడవలసింది చూసింది. అంతకుముందు ఏ మనిషీ తోకచుక్క అసలు ఒంటిని అంత దగ్గరగా చూడలేదు. పొడవు పదిహేను కిలోమీటర్లు, వెడల్పు ఎనిమిది. ఆకారం వేరుశనక్కాయలా. రంగు బొగ్గు కంటే నలుపు. లోపల మంచు, దుమ్ము. ఎండ తగిలిన వైపు నుంచి పొగలా ఎగజిమ్మే వాయువులు. రాజులను మింగిందనీ, మా అత్త నుదుట రాసిందనీ అనుకున్నది ఇదీ.

మా అత్త ఆ ఫొటో చూడలేదు. ఆ మిద్దె ఎక్కిన మూడేళ్ళకు పోయింది.

అక్కడే రోసెట్టా అనే ఇంకో నౌక నమూనా ఉంది. మనవరాలి కళ్ళన్నీ దాని మీదే. జొట్టోది పరుగెత్తుతూ చూసిన చూపు. రోసెట్టా తోకచుక్కతో కాపురం చేసింది. 2003 జనవరిలో వేరే తోకచుక్కకు బయలుదేరవలసింది. అంతకు నెల ముందు అదే జాతి రాకెట్ ఒకటి విఫలమవడంతో ప్రయాణం ఆగిపోయింది. ముహూర్తం తప్పింది కాబట్టి కొత్త గమ్యం వెతికారు. అది 1969లో చుర్యుమోవ్, గెరాసిమెంకో అనే ఇద్దరు సోవియట్ శాస్త్రజ్ఞులు కనుక్కున్న తోకచుక్క. 2004 మార్చి 2న బయలుదేరి, భూమిని మూడుసార్లు, అంగారకుణ్ణి ఒకసారి చుట్టుకుని వేగం పుంజుకుంటూ పదేళ్ళు నడిచింది. సూర్యుడికి బాగా దూరమయ్యాక కరెంటు చాలక 957 రోజులు నిద్రపుచ్చారు. 2014 జనవరి 20న అది తనంతట తాను లేవాలి. లేచినట్టు తెర మీద ఒక గీత పైకి లేవాలి. అనుకున్న వేళ దాటింది. ఎవరూ మాట్లాడలేదు. కొన్ని నిమిషాలు ఆలస్యంగా ఆ చిన్న గీత లేచింది. గదిలో పెద్ద పెద్ద ఇంజనీర్లు పిల్లల్లా ఎగిరి కౌగిలించుకున్నారు.

ఆ ఏడు నవంబరు 12న రోసెట్టా తన వెంట తెచ్చిన ఫిలే అనే వంద కిలోల చిన్న యంత్రాన్ని తోకచుక్క మీదికి వదిలింది. ఏడు గంటలు మెల్లగా దిగింది. అక్కడి ఆకర్షణ ఎంత తక్కువంటే ఆ వంద కిలోలూ ఒక గ్రాము బరువంత. పట్టుకోవడానికి పెట్టిన కొక్కేలు పేలలేదు. బంతిలా ఎగిరి, దాదాపు రెండు గంటలు తేలి, చివరికి ఒక బండ నీడలో ఒరిగిపోయింది. ఎండ చాలక రెండున్నర రోజులకు దాని బ్యాటరీ అయిపోయింది. అంతలోనే తన పని చాలావరకు చేసి కబురు పంపింది.

నేనప్పుడు ఇంకా హోసూరు బడిలో చెబుతున్నాను. ఆ వారం మా తెలుగు మీడియం ఆరో తరగతి పిల్లలకు పేపరు చదివి వినిపించాను. ఒక చిన్న పిల్ల లేచి, "టీచర్, అది ఒక్కటే చీకట్లో ఉందా?" అని అడిగి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అలా బాధపడింది ఆ పిల్ల ఒక్కతే కాదు. లోకమంతటా జనం ఫిలేకు శుభరాత్రి చెప్పారట. దాన్ని బొమ్మల సినిమాల్లో చిన్నపిల్లగా చూపించారు. 2016 సెప్టెంబరులో రోసెట్టా తీసిన ఫొటోలో అది బండ సందున కాళ్ళు పైకెత్తి పడి ఉండటం కనిపించినప్పుడు, తప్పిపోయిన బిడ్డ దొరికినంత సంబరపడ్డారు. ఆ నెల 30వ తేదీన రోసెట్టాను కూడా అదే తోకచుక్క మీదికి దించేశారు. తెర మీద గీత కిందికి జారి మాయమైంది. ఈసారి గదిలో కళ్ళు తుడుచుకున్నారు.

ఆ మాట వింటుంటే నాకు ఒకటే ఆలోచన. 1910లో మనుషులం ఒక పసిపిల్లను తోకచుక్కను చేశాము. వందేళ్ళ తర్వాత తోకచుక్క మీద పడిన ఒక యంత్రాన్ని పసిపిల్లను చేసుకున్నాము. ఎవరూ చూడని రోజుల్లో అది భయం. దగ్గరికి వెళ్ళి చూశాక అదే మమకారం. మన ఇంటి మనుషుల దగ్గరికి వెళ్ళి చూడటానికి మాత్రం మనకు ఏ రాకెట్టూ అక్కరలేదు. అయినా ఎందుకో ఆలస్యం చేస్తాము.

ఇంత ఖర్చు పెట్టి ఏం తెలుసుకున్నారని మా వారు అడిగారు. అక్కడ మాకు చెప్పింది ఇది. భూమి మీది సముద్రాలకు నీళ్ళు తోకచుక్కలే తెచ్చాయేమోనని చాలాకాలంగా అనుకునేవారు. రోసెట్టా చూసిన ఆ తోకచుక్క నీటిలో భారజలం పాలు మన సముద్రాల కంటే మూడు రెట్లకు పైగా ఉంది. అంటే అలాంటివి తెచ్చిన నీళ్ళు కావు మనవి. అయితే జీవానికి పనికొచ్చే గ్లైసిన్ అనే పదార్థం దాని చుట్టూ ఉన్న వాయువుల్లో దొరికింది. వాసన చూస్తే కుళ్ళిన కోడిగుడ్డు, గుర్రాల సాల కలిసినట్టుంటుందట! మనవరాలు ముక్కు మూసుకుని నవ్వింది.

జర్మనీ దాకా వెళ్ళలేనివారు నిరాశపడనక్కరలేదు. తమిళనాడులో వాణియంబాడి దగ్గర జవ్వాది కొండల్లో కావలూరు వేధశాల ఉంది. దాన్ని నెలకొల్పిన వేణు బాపుగారు మద్రాసులో పుట్టారు. వారి తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేశారు. బాపుగారు 1949లో హార్వర్డులో చదువుకుంటూ ఒక కొత్త తోకచుక్కను కనుక్కున్నారు. దానికి బాపు–బాక్–న్యూకిర్క్ అని పేరు. ఆకాశంలోని తోకచుక్కకు మనిషి పేరు పెడితే అది గౌరవం. నేల మీది మనిషికి తోకచుక్క పేరు పెడితే ఏమవుతుందో మా ఇంట్లో చూశాము. ముందుగా కనుక్కుని పిల్లలను కావలూరు తీసుకువెళ్ళండి.

హోసూరు తిరిగి వచ్చాక నేను రెండు పనులు చేశాను. నాన్న పాత డైరీలు అటక మీది నుంచి దింపించాను. 1986 మార్చి 14 పేజీలో, "అక్క చూచినది" అని రెండే మాటలు ఉన్నాయి. రెండోది, 2025లో మా తమ్ముడి కూతుర్ని పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు జరిగింది. ఏడాది కిందట మా అన్న పోయాడు. మా వదిన చప్పుడు చేయకుండా పెరటి వైపు నడిచింది. ఈసారి నేను లేచాను. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, పసుపు గిన్నె మొదట ఆమె చేతికే ఇచ్చాను. ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు. పిల్ల మాత్రం, "రా పెద్దమ్మా" అని చెంప చూపించింది.

హేలీ తోకచుక్క 2023 డిసెంబరులో తన దారిలో అన్నిటికంటే దూరపు మలుపుకు చేరి, మళ్ళీ మనవైపు తిరిగింది. 2061లో వస్తుంది. అప్పటికి మా మనవరాలికి నలభై ఆరేళ్ళు. ఏ దేశంలో ఉంటుందో ఏమో. ఎక్కడున్నా ఆ రోజు మిద్దె ఎక్కి చూడమని, చూస్తూ మా అత్త అడిగిన ప్రశ్నను తన పిల్లలకు చెప్పమని ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. తన పెన్సిల్ పెట్టెలో దాచుకుంది.